బడి సంచికలో దండం పెట్టేవాళ్ళ రాతలే వేయాలా, నొచ్చుకున్నవాళ్ళవి కూడా వేయొచ్చా?

హాస్టల్ బ్యాచ్, కర్నూలు:

కర్నూలు జిల్లాలో ఒక గురుకుల పాఠశాల. పదో తరగతి ముగించి 25 ఏళ్ళు నిండిన బ్యాచ్ తరఫున సంక్రాంతి సెలవుల్లో సమ్మేళనం పెట్టుకున్నాం. ఆ పొద్దు పంచడానికి ఒక జ్ఞాపక సంచిక వేద్దామని అందరినీ రాయమన్నాం. ఇప్పటికి 38 వచ్చినాయి. అందులో 28 ఒకే మాట మీద నడుస్తున్నాయి: "మా బడి మాకు గుడి, మా సార్లు దేవుళ్ళు, ఆ క్రమశిక్షణ వల్లే ఈ రోజు ఇట్లా ఉన్నాం." ఏడింటిలో పచ్చి కోపం ఉంది. తగ్గిన మార్కుకో బెత్తం దెబ్బ, ప్రేయర్లో ర్యాంకులు చదివి చివరి పదిమందిని నిలబెట్టడం, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు ముందే విప్పి చదవడం, జ్వరమొచ్చినా స్టడీ అవర్ తప్పకపోవడం.

మిగిలిన మూడు ఏ కుప్పలో వేయాలో తెలియడం లేదు. ఒకే మనిషి, ఒకే పేజీలో, ఒకే సారుకు దండం పెట్టి, మళ్ళీ ఆ సారునే నిలదీసినాడు. ముగ్గురూ "ఒక్క అక్షరం తీసినా వేయొద్దు" అన్నారు. ఆ సారుకు ఇప్పుడు 80కి దగ్గర. సమ్మేళనంలో వేదిక మీద కూర్చుంటారు.

కమిటీలో సగం మంది కోపం రాతలు పక్కన పెడదామంటున్నారు. సగం మంది అట్లయితే సంచికే వద్దంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి. కోపం రాతలు వేయొచ్చా, వేస్తే పేర్ల సంగతేంది? గుడి, దేవుళ్ళు అన్న రాతలను చదివించేటట్టు చేయడం ఎట్లా? ప్రెస్సు పనికి ఎన్నాళ్ళు పెట్టుకోవాలి?


సంచికల పని, అనంతపురం:

ముందు రెండో ప్రశ్న తీసుకుందాం అన్నా. అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

"బడి గురించి మీ అనుభూతులు రాయండి" అని అడిగితే గుడి, దేవుళ్ళే వస్తాయి. అడిగిన తీరుకు అదే జవాబు. వస్తువుల గురించి అడగండి. తెల్లారి గంట ఎన్నింటికి కొట్టేవాళ్ళు? ఇత్తడి గంటా, వేలాడదీసిన రైలు పట్టా ముక్కా? ట్రంకు పెట్టెలో ఏముండేవి, తాళంచెవి యాడ దాచేవాళ్ళు? నీళ్ళ తొట్టి కాడ వరుస ఎట్లుండేది, ఎండాకాలం ఒక్కొక్కరికి ఎన్ని చెంబులు? స్టడీ అవర్లో నిద్రొస్తే ఏం చేసేవాళ్ళు, పట్టుబడితే ఏమయ్యేది? ఇంటివాళ్ళు ఏ ఆదివారం వచ్చేవాళ్ళు, ఏం తెచ్చేవాళ్ళు, ఎవరూ రాని పిల్లలు ఆ పూట యాడ కూర్చునేవాళ్ళు? ఇట్లాంటివి పదికి మించకుండా పంపండి. ఇంతకుముందు రాసిన 28 మందికీ మళ్ళీ పంపండి. "మీది బాగుంది, ఇంకొంచెం కావాలి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

తేడా చూపించడానికి ఒక నమూనా. "సారు మాకు ఇంగ్లీషు నేర్పి జీవితం ఇచ్చినారు" అని ఒక వాక్యం వచ్చిందనుకోండి. ఎట్లా నేర్పినారు, రోజుకు ఎన్ని, ఎప్పుడు అప్పజెప్పాల, తప్పితే ఏంది అని నాలుగు ప్రశ్నలు వేస్తే అదే మనిషి నోట ఇట్లా వస్తుంది: "రోజుకు పది స్పెల్లింగులు. రాత్రి భోజనం గంటకు ముందే అప్పజెప్పాల. తప్పిన ఒక్కోదాన్నీ ఇరవైసార్లు రాయాల. అది చూపించకుండా వరుసలోకి పోతే పళ్ళెం చేత పట్టుకుని గోడకాడ నిలబడాల, అందరిదీ అయ్యేదాకా. ఆ స్పెల్లింగులు ఈ పొద్దుకీ తప్పవు. ఆ గోడకు సున్నం పెచ్చులు యాడ లేచిందో కూడా గుర్తుంది." ఇది కృతజ్ఞతా, కోపమా? రాసినవాడే విడదీయలేదు, సంపాదకుడు విడదీయాల్సిన పని లేదు. మీకొచ్చిన మూడు రాతలు ఈ జాతివే. సంచికకు అవే ప్రాణం. మిగతావాటిని వాటి దారికి తేవాల గాని, వాటిని కోయకూడదు.

అందుకే "గురువందనం" ఒక భాగం, "చేదు జ్ఞాపకాలు" ఇంకో భాగం అని పెట్టొద్దు. అట్లా పెడితే చదివేవాడు తనకు కావలసిన భాగం ఒక్కటి చదివి మూసేస్తాడు. బడి రోజు వరుసనే పుస్తకం వరుస చేయండి. తెల్లారి గంట, వ్యాయామం, స్నానం, ప్రేయర్, తరగతులు, మధ్యాహ్నం మెస్సు, ఆటలు, స్టడీ అవర్, లైట్లార్పడం. ఒక్కొక్కరి రాత దేని గురించి ఎక్కువ చెబుతుందో ఆ గంట కింద పెట్టండి. స్టడీ అవర్ కింద ఒకాయన "ఆ రెండు గంటలు లేకుంటే నాగార్జునసాగర్ ఏపీఆర్‌జేసీ (గురుకుల జూనియర్ కాలేజీ)లో సీటు కలలోని మాట" అంటాడు. పక్క పేజీలో ఇంకొకాయన "ఆ రెండు గంటల భయం పోవడానికి పదేళ్ళు పట్టింది" అంటాడు. ట్యూబులైటు ఒకటే, బల్ల ఒకటే.

ఇంకొక సంగతి, ఇది చాలామంది మరిచిపోతారు. మీ వాట్సాప్ గ్రూపులో ఉన్నది పదో తరగతి దాటినవాళ్ళు. అయిదులో మీతో చేరి ఆరులోనో ఎనిమిదిలోనో టీసీ తీసుకుని పోయినవాళ్ళు అందులో ఉండరు. వాళ్ళను వదిలేసి లెక్కేస్తే 28కి 7 అనే లెక్కకు అర్థం లేదు. బడి అడ్మిషన్ రిజిస్టరులో చేరిన తేదీ, వదిలిన తేదీ, వదిలిన కారణం గడులు ఉంటాయి. అది శాశ్వత రికార్డు, పారేయరు. హెడ్మాస్టరుకు అర్జీ ఇచ్చి, ఆఫీసులోనే కూర్చుని, మీ బ్యాచ్ అడ్మిషన్ నంబర్ల వరుసంతా చూడండి. పేరు, ఊరు, వదిలిన తేదీ మాత్రం రాసుకోండి. కులం, తండ్రి వృత్తి గడుల జోలికి పోవద్దు, ఫోన్లో ఫొటో తీయొద్దు. కారణం గడిలో చాలాసార్లు "తల్లిదండ్రుల కోరిక మేరకు" అనే ఉంటుంది. అసలు కారణం మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

రాయలేనివాళ్ళకు ఫోన్ చేయండి. ఇరవై నిమిషాలు చాలు. రికార్డు చేస్తున్నామని మొదటే చెప్పి ఒప్పుకున్నాకే నొక్కండి. గంట ఆడియో కాగితం మీదికి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కాబట్టి ఈ పని ముగ్గురికి పంచండి. భాష దిద్దొద్దు. "యాడికి పోతివప్పా" అన్నదాన్ని "ఎక్కడికి వెళ్ళావు" చేస్తే మనిషి పోతాడు. రాసినాక వాళ్ళకు చదివి వినిపించి, సరే అన్నాకే వేయండి.


పత్తికొండ రైతుబిడ్డ:

నాకు నచ్చలేదు. 80 ఏళ్ళ పెద్దాయనను పిలిచి శాలువా కప్పి, అదే చేత్తో ఆయన తప్పుల పట్టీ ఇస్తారా? ఆ రోజుల్లో ఇంటికాడ నాయనలూ కొట్టేవాళ్ళే. కోపమున్నవాళ్ళు ఫేస్‌బుక్కులో రాసుకోవచ్చు. సన్మానం పొద్దు సన్మానమే చేయండి.


రిటైర్డ్ టీచరు, కడప:

పత్తికొండ నాయనా, పెద్దవాళ్ళ మీద నీ గౌరవం నాకు అర్థమైంది. కానీ ఆ సారుకు చెడు చేసేది కోపం రాత కాదు. ముందుగా చెప్పకుండా వేదిక మీద చేతికి ఇవ్వడమే చెడు. దానికి మార్గముంది, కింద రాస్తాను.

అంతకన్నా ముందు, ఆ బళ్ళు అంత గట్టిగా ఎందుకు నడిచినాయో సంచికలో ఒక పేజీ ఉండాలి. లేకుంటే కోపానికీ కృతజ్ఞతకూ కింద నేల ఉండదు. గురుకుల పద్ధతి మన ఉమ్మడి రాష్ట్రంలో 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైంది. 1972లో కొడిగెనహళ్ళి, తాడికొండ బళ్ళు వచ్చినాయి. పల్లెల్లో చురుకైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, చదువు, తిండి, పడక అన్నీ ఒకచోటే ఇచ్చి, పట్నం పిల్లలతో సమానంగా నిలబెట్టాలన్నది ఉద్దేశం. టీచర్లకు క్వార్టర్లు క్యాంపస్‌లోనే. పొద్దున్నే వ్యాయామం కాడ ఉన్న మనిషే రాత్రి స్టడీ అవర్లోనూ ఉంటాడు. అంటే పిల్లవాడికి అమ్మా, నాయనా, టీచరూ, పోలీసూ ఒక్కరే. కోపం వస్తే పోయి చెప్పుకునే ఇంకో మనిషి ఆ ప్రహరీ లోపల లేడు. అక్కడ మంచి జరిగినా ఎక్కువగా జరుగుతుంది, చెడు జరిగినా ఎక్కువగా జరుగుతుంది. పైగా పదో తరగతి ఫలితాలొస్తే 600కు ఎన్ని అని బడికీ బడికీ పోలిక. పిల్లల మీద పడిన ఒత్తిడిలో సగం స్టాఫ్ రూమ్‌లో పుట్టింది.

ఇంకొకటి. గట్టితనమంతా ఒక్కటే అనుకోవద్దు, రాసేవాళ్ళకు కూడా ఈ తేడా చెప్పండి. ప్రతి పాఠానికీ స్లిప్ టెస్ట్ పెట్టి మర్నాటికే దిద్ది ఇవ్వడం, కాంపోజిషన్ తప్పులు ఎర్ర సిరాతో గుర్తు పెట్టి మళ్ళీ రాయించడం, ఆదివారం కూడా డౌట్లకు తలుపు తీసి ఉంచడం, ఇవన్నీ టీచరుకు కష్టం. టీచరు కష్టపడిన గట్టితనాన్ని పిల్లలు పెద్దయినాక తలుచుకుంటారు. ర్యాంకుల వరుసలో కూర్చోబెట్టడం, అందరి ముందు మార్కులు చదవడం, బెత్తం, వీటికి టీచరు కష్టపడక్కరలేదు. ఇవి పిల్లవాడికే కష్టం. మీ ఏడు రాతల్లో ఉన్నవి చూడండి, నాలుగుకు నాలుగూ ఈ రెండో రకమే. స్లిప్ టెస్టులు ఎక్కువ పెట్టినారని ఎవరూ తిట్టలేదు.

"ఆ రోజుల్లో అందరూ కొట్టేవాళ్ళే" అన్నది నిజం. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. మీ బ్యాచ్ అంతకుముందుది. కానీ అందరూ కొట్టినారన్నది ఎందుకు జరిగిందో చెబుతుంది. దెబ్బ తిన్నవాడికి అది జవాబు కాదు.

ఇక సారు సంగతి. అచ్చుకు పోకముందే, కనీసం నెల ముందు, ఇద్దరు ఇంటికి పోండి. ఒకరు ఆయనకు ఇష్టమైన విద్యార్థి, ఇంకొకరు ఎటూ కాని మనిషి. కోపం రాసినవాడిని తీసుకుపోవద్దు, ఇద్దరికీ కష్టం. సాయంత్రం పూట, ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉన్నప్పుడు పోండి. వాట్సాప్‌లో పంపొద్దు, కూర్చుని చదివి వినిపించండి. మూడు కలగలుపు రాతల్లో ఒకటి మొదట చదవండి, తర్వాత కోపం రాత. ఎవరు రాసినారో చెప్పొద్దు. ఆయన అడుగుతారు, అప్పుడూ చెప్పొద్దు. "మీరు ఒక పేజీ రాస్తే దీని పక్కనే వేస్తాం సార్" అనండి. రాయకపోతే పట్టుబట్టొద్దు. రావడానికే ఇష్టం లేదంటే ఆ మాట కూడా గౌరవించండి. వేదిక మీద క్షమాపణ చెప్పించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు, మైకు ఇచ్చేముందే ఈ మాట కమిటీ అందరికీ చెప్పి ఉంచాలి.

వంటవాళ్ళను, వాచ్‌మన్‌ను, అటెండర్‌ను పిలవండి. కోపం రాతల్లో వాళ్ళ పేరుండదు, కృతజ్ఞత రాతల్లోనూ ఉండదు. జ్వరమొచ్చిన పిల్లవాడికి జావ కాచి ఇచ్చింది వాళ్ళే.


ఆదోని లాయరు:

పేర్ల సంగతి. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 356వ సెక్షన్. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. నిజమని రుజువు చేస్తే చాలదు, ప్రజల మేలు కోసం అచ్చువేసినామని కూడా చూపించాల్సి వస్తుంది. 25 ఏళ్ళ కిందటి దెబ్బకు సాక్ష్యం తేవడం కష్టం.

పేరు తీసేస్తే సరిపోదు. "మన లెక్కల సారు" అని రాసి, ఆ ఆరేళ్ళూ లెక్కలకు ఒక్కరే ఉంటే పేరు రాసినట్టే. సబ్జెక్టు, ఊరు, ఊతపదం, స్కూటరు రంగు, ఇవన్నీ తీసేయాలి. మనిషి గుణం గురించి తీర్పు ఉండకూడదు, జరిగిన పని ఉండాలి. "రాక్షసుడు" తీసేయండి. "చలికాలం తెల్లారి మోకాళ్ళ మీద గ్రౌండులో నిలబెట్టినారు" ఉంచండి. చదివేవాడికి రెండోదే గట్టిగా తగులుతుంది.

"ప్రైవేటు పంపిణీకి మాత్రమే" అని వేస్తే రక్షణ వస్తుందనుకోవద్దు. మూడో మనిషి చదివితే ప్రచురించినట్టే. "అభిప్రాయాలు రచయితలవే" అన్న మాట కూడా సంపాదకుణ్ణి కాపాడదు. ప్రతి రాతకూ సంతకంతో ఒప్పుకోలు తీసుకోండి. పేరు వేయాలా వద్దా, ఏ మాటలు అచ్చవుతున్నాయో చివరి ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) చూసి సంతకం చేయాలి. పేరు వద్దన్నవాళ్ళ కాగితాలు ఒక్కరి దగ్గరే, తాళంలో ఉంచండి. గ్రూపులో పెట్టొద్దు.

ఒక హెచ్చరిక. లైంగిక వేధింపు గురించి ఎవరైనా రాస్తే అది సంచికకు సంబంధించిన విషయం కాదు. అచ్చువేయొద్దు, కమిటీ సొంతంగా విచారణ చేయొద్దు, గ్రూపులో చర్చ పెట్టొద్దు. బాధితుల గుర్తింపు అచ్చువేయడమే నేరం. రాసిన మనిషితో ఒక్కరే మాట్లాడి, వాళ్ళు కోరితే లాయరు దగ్గరికి తోడు పోండి. ఆ మనిషి ఇప్పటికీ పిల్లల మధ్య పనిచేస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, దానికి ఆలస్యం చేయకూడదు. పాత జ్ఞాపకాలు రాస్తూ ఎవరైనా కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.


ఆఫ్‌సెట్ ప్రెస్, నంద్యాల:

సంక్రాంతికంటే డిసెంబరులో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల మీద ఉంటాయి. ఇది మరిచిపోయి డిసెంబరు 20న మ్యాటర్ తెచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళ పుస్తకం పండగ పొద్దు బైండింగ్‌లో ఉంటుంది. నవంబరు 15కు రాతలు మూసేయండి. నెలాఖరుకు మొదటి ప్రూఫ్. డిసెంబరు 10 లోపల ప్లేట్లకు ఇచ్చేయాలి.

1/4 క్రౌన్ సైజు తీసుకోండి, గ్రూపు ఫొటోలకు వెడల్పు సరిపోతుంది. లోపల 80 జీఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. పేజీకి బొమ్మ లేకుంటే దాదాపు 350 మాటలు పడతాయి. పేజీలు 8తో భాగించేటట్టు ఉండాలి, 16తో అయితే ఇంకా మేలు. మీకు 96 సరిపోతుంది. 96 పేజీలకు మధ్యలో పిన్ను కొడితే ఉబ్బుతుంది, పర్‌ఫెక్ట్ బైండింగ్ (వీపుకు గమ్ముతో అట్ట అతికించేది) చేయించండి. బైండింగ్ వైపు 2 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. గ్రూపు ఫొటో రెండు పేజీలకు పరిచి వేయొద్దు, మధ్యలో కూర్చున్న హెడ్మాస్టరు మొహమే మడతలోకి పోతుంది.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. ఏడంగుళాల వెడల్పు బొమ్మకు 2,100 పిక్సెళ్ళు ఉండాలి. పాత ప్రింటును ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించండి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఫాంట్లు. మీకు వచ్చిన రాతలు యూనికోడ్, అంటే ఫోన్లో టైపు చేసే తెలుగు. డీటీపీ అతను పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజీలు చేస్తే మార్చాల్సి వస్తుంది. ఆ మార్పిడిలో "క్లాస్‌లో" అన్నది "క్లాస్లో" అవుతుంది, "వాచ్‌మన్" అన్నది వత్తు పడి గుర్తుపట్టలేనట్టు అవుతుంది. మధ్యలో ఉండే కనపడని అక్షరం పోతుంది, అందుకే. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో చేసేవాళ్ళను పట్టుకోండి. దొరక్కపోతే మార్చినాక ఒకరు అసలు రాత గట్టిగా చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. ఒక్కరే చదివితే కళ్ళు తప్పును సరిచేసుకుని పోతాయి. లాయరుగారు చెప్పిన సంతకం ఈ మార్పిడి అయినాక తీసుకోండి, ముందు తీసుకుంటే లాభం లేదు.

200 కాపీల లోపలైతే డిజిటల్ ప్రింట్ రేటు కూడా అడగండి, ప్లేట్ల ఖర్చు తప్పుతుంది.


హాస్టల్ బ్యాచ్, కర్నూలు:

అందరికీ దండాలు. కమిటీలో ఈ థ్రెడ్ చదివి వినిపించినాం. బడి రోజు వరుస అందరికీ నచ్చింది. సారు ఇంటికి పోవడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. కోపం రాసిన ఏడుగురిలో ఒకాయన పేరుతోనే వేయమంటున్నాడు, సారు పేరుతో సహా. వద్దంటే వెనక్కి తీసుకుంటానంటున్నాడు. ఏం చేయాలి?


ఆదోని లాయరు:

సారు పేరు వేయడానికి వీల్లేదని నేరుగా చెప్పండి, కారణం చెప్పండి. రాసినాయన సొంత పేరు వేయడానికి అడ్డం లేదు. కానీ తన పేరు, తరగతి, సంవత్సరం వేసుకుంటే సారు ఎవరో తెలిసిపోవచ్చు. అది చూసుకుని ఒప్పుకోలు తీసుకోండి.


సంచికల పని, అనంతపురం:

అన్నా, వెనక్కి తీసుకోకముందు ఆయనకు ఒక్క ఫోన్ చేయండి. బతిమాలడానికి వద్దు, వస్తువుల ప్రశ్నలు అడగడానికి. ఏ వరండా, ఏ గంట, చేతిలో ఏ నోటుబుక్కు, పక్కన నిలబడింది ఎవరు, ఆ రాత్రి అన్నం తిన్నాడా లేదా. పేరు కోసం పట్టుబట్టేవాళ్ళలో చాలామందికి, జరిగింది ఎవరూ నమ్మరేమోనన్న భయం ఉంటుంది. వివరం అంతా కాగితం మీదికి వస్తే పేరు అవసరం తగ్గుతుంది. అప్పటికీ ఒప్పుకోకపోతే రాత ఆయనకు తిరిగిచ్చేయండి, కాపీ ఉంచుకోవద్దు. సంచిక వచ్చినాక ఆయనకూ ఒక కాపీ పోస్టులో పంపండి.

రిజిస్టరు చూడడానికి, రాతలు మూసే నవంబరు 15కు బాగా ముందే పోండి, అర్జీ రెండు ప్రతులు, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. టీసీ తీసుకుని పోయినవాళ్ళలో ఒక్కరు దొరికినా వాళ్ళ రాతకు తెల్లారి గంట కింద మొదటి పేజీ ఇవ్వండి.